శ్రీశైలం దారిలో రెండు మీటియర్లు

తెల్లవారుజామున ఐదింటికి తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కాం. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి దాని కింద నుంచే దూరాలి. బళ్లు రెండు: అద్దెకు తెచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, అదే కంపెనీది మా బావమరిది సూపర్ మీటియర్ 650. వెనక సీటు మీద మా ఆవిడ, కాసేపు దీని మీద, కాసేపు దాని మీద. ఇంట్లో ఉన్న పన్నెండేళ్ల కార్బ్యురేటర్ బండి స్థానంలోకి ఏది రావాలన్నది షోరూం చుట్టూ కొట్టే రెండు కిలోమీటర్ల టెస్ట్ రైడ్‌లో తేలదు. హైవే, అడవి, ఘాటు, గుడి దగ్గర పార్కింగు, నాలుగూ ఉన్న దారి మనకు దగ్గర్లో ఇదే.

ముందు పాత బండి సంగతి. చైన్‌సెట్, క్లచ్ ప్లేట్లు, ఫోర్క్ ఆయిల్ సీళ్లు పోయాయని బండి మార్చక్కర్లేదు, అవి అరగడానికే ఉన్నాయి. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా లేపి, హ్యాండిల్‌ని వేలితో నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, అయిపోయింది. అదీ మార్చుకునేదే. కానీ ఇంజన్ వేడెక్కాక నీలం పొగ, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ తగ్గిపోవడం, కింద నుంచి బేరింగ్ మోత, ఈ మూడూ ఒకేసారి వస్తే ఇంజన్ విప్పక తప్పదు. ఆ బిల్లు బండి అమ్మితే వచ్చే డబ్బుకు దగ్గరపడితే ఇక ఆలోచించేదేం లేదు.

కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాకా 350 నా చేతిలో ఉంది. 349 సీసీ, 20.2 హార్స్‌పవర్. 27 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే ఇంజను లాగే బలం, 4000 ఆర్పీఎం దగ్గరే వచ్చేస్తుంది కాబట్టి గేర్లతో పెద్దగా పనుండదు. 80లో పెట్టి వదిలేస్తే హాయిగా పోతుంది. 90 దాటాక, వెనక మనిషీ బ్యాగులూ ఉంటే, యాక్సిలరేటర్ తిప్పినంత జవాబు రాదు. రెండు లైన్ల రోడ్డు మీద గడ్డి లారీని దాటాలంటే ఎదురుగా బాగా ఖాళీ చూసుకుని, ఒక గేరు తగ్గించి, అప్పుడు బయటికి రావాలి. గేరు తగ్గించకుండా బయటికొస్తే లారీ పక్కనే వేలాడతాం. 650 మీద ఈ లెక్కలేం లేవు. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 పీఎస్ (ఇదీ ఇంచుమించు హార్స్‌పవర్ లెక్కే), 52.3 న్యూటన్ మీటర్లు. ఆరో గేరులోనే మణికట్టు కొంచెం తిప్పితే లారీ అద్దంలో కనిపిస్తుంది.

డిండి దగ్గర టీ తాగి బళ్లు మార్చుకున్నాం. అక్కడే పెట్రోలు లెక్క వేశాం. 350 ట్యాంకు 15 లీటర్లు, 650ది 15.7. ఇంచుమించు ఒకటే, కానీ తాగుడు ఒకటి కాదు. నిదానంగా నడిపితే మొదటిది లీటరుకు 33 అటూ ఇటూ, రెండోది 24 అటూ ఇటూ ఇస్తుంది. అంటే నిండు ట్యాంకుతో దాదాపు 500 కిలోమీటర్లకీ 375కీ ఉన్న తేడా. ఏ బండైనా సరే, అడవిలోకి దిగే ముందే నింపుకోవాలి.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది. అది దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. కోతులు రోడ్డు మధ్యలో కాపురం పెట్టి ఉంటాయి కాబట్టి బండి పరుగెత్తించే చోటు కాదు. 47 గుర్రాలూ ఇక్కడ కునుకు తీస్తాయి. పనికొచ్చేది నేలకూ ఇంజనుకూ మధ్య ఉన్న ఎత్తు: 350కి 170 మిల్లీమీటర్లు, 650కి 135. ఊళ్లోవాళ్లు సొంతంగా పోసుకున్న ఎత్తు స్పీడ్ బ్రేకర్ వస్తే, ఇద్దరితో ఉన్న 650ని నేరుగా ఎక్కించకూడదు, ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ మెల్లగా దించాలి. ఇలా కాళ్లు ముందుకు చాపి కూర్చునే బళ్ల, అంటే క్రూజర్ల, ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి కాబట్టి గుంట వచ్చినప్పుడు మామూలు బండి మీదలా కాళ్ల మీద లేవలేం. దెబ్బ నేరుగా నడుముకే. 650 వెనక సస్పెన్షన్ ప్రయాణం 101 మిల్లీమీటర్లే. ఇద్దరు ఎక్కితే వెనక షాకుల్ని టూల్‌కిట్‌లోని సీ-స్పానర్‌తో రెండు మెట్లు బిగించాలి, రెండు వైపులా సమానంగా. బిగించకపోతే గుంట పడ్డప్పుడల్లా షాకు చివరికంటా దిగి ఠప్పుమంటుంది.

ఒక మంచి మాట: రెండిటి అల్లాయ్ చక్రాలకీ ట్యూబ్‌లెస్ టైర్లే. మేకు దిగినా చక్రం విప్పకుండా అక్కడికక్కడే ఆ చిల్లులో రబ్బరు స్ట్రిప్ దూర్చి, చిన్న పంపుతో గాలి కొట్టుకోవచ్చు. వట్వార్లపల్లి అడవిలో పంక్చర్ వేసేవాణ్ని వెతకడం కన్నా అది నయం.

దోమలపెంట దాటాక డ్యాం దాకా దిగుడు. రెండో గేరులో వేసి ఇంజనుతోనే పట్టి దించాలి. న్యూట్రల్‌లో జార్చుకుంటూ, బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే డిస్కులు కాగి, నాలుగు మలుపుల తర్వాత బ్రేకు మెత్తబడుతుంది. రెండిటికీ డ్యుయల్ ఛానల్ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా రెండు చక్రాలూ బిగుసుకుపోకుండా చూసేది) ఉంది, బ్రేకుల్లో ఏదీ తక్కువ కాదు. మలుపులో మాత్రం తేడా తెలుస్తుంది. 350 చక్రాల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు, 650ది 1500. హెయిర్‌పిన్‌లో 650ని బయటి అంచు నుంచి పెద్దగా తిప్పాలి, 350 అనుకున్న చోటే తిరుగుతుంది.

అసలు పరీక్ష శ్రీశైలంలో, సత్రం ముందు. రెండు బళ్లనూ వాలులో, ముందు చక్రం గోడకు ఆనేలా పెట్టాం. తెల్లారి వెనక్కి లాగాలి. 191 కిలోల బండి మీద కూర్చుని కాళ్లతో తోస్తే కదిలింది. 241 కిలోలది కదల్లేదు. దిగి, ఎడమ చేత్తో హ్యాండిలూ కుడి చేత్తో వెనక గ్రాబ్‌రెయిలూ పట్టుకుని లాగితే జానెడు వచ్చి మళ్లీ గోడకే పోయింది. తేడా యాభై కిలోలు, అంటే ఒక సిమెంటు బస్తా. రోడ్డు మీద ఆ బస్తా బరువు తెలియదు, పార్కింగ్‌లో పూర్తిగా తెలుస్తుంది. 650ని ఎప్పుడూ మూతి బయటికి ఉండేలానే పెట్టాలి.

చైన్‌కి ఆయిల్ వేసేటప్పుడు కూడా అంతే. 350కి సెంటర్ స్టాండ్ ఉంది, చక్రం చేత్తో తిప్పుతూ వేసుకోవచ్చు. 650కి లేదు, వెనక చక్రాన్ని లేపి పట్టే ప్యాడాక్ స్టాండ్ విడిగా కొనాలి. లేదంటే బండిని అడుగడుగూ తోస్తూ ముక్కలు ముక్కలుగా పూయాలి. పన్ను కూడా ఒకవైపే మొగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆపైవాటికి 40కి ఎక్కింది.

చివరికి ఆ 650 సొంతదారుడైన బావమరిదే చెప్పేశాడు: "బావా, నీకు శ్రీశైలం ఏడాదికి రెండుసార్లు. అమీర్‌పేట రోజూ."

నెలనెలా ఐదారొందల కిలోమీటర్లు హైవే మీద పోయేవాళ్లయితే 650 తీసుకోండి, దాన్ని మించింది ఆ ధరలో నాకు కనిపించలేదు. నేను బుక్ చేసింది 350లో సూపర్‌నోవా అనే రకం. ముందు గాలి అద్దం, వెనక బ్యాక్‌రెస్టు కంపెనీవే వస్తాయి. ఆ బ్యాక్‌రెస్టు మా ఆవిడ పెట్టిన షరతు.