ఏం చదువుతున్నావు బాబూ?

రాలీ డౌన్‌టౌన్‌లో, నడివీధిలో, వెనక క్యూలో పదిహేను మంది వింటుండగా నాకు అక్షింతలు పడ్డాయి. వేసినావిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. నెత్తిన గడ్డి టోపీ, చంకలో మడత కుర్చీ. ముందు నా నేరమేమిటో చెబుతాను.

2023 సెప్టెంబరు ఆఖర్లో వరల్డ్ ఆఫ్ బ్లూగ్రాస్ పండగ. బ్లూగ్రాస్ అంటే తీగల వాద్యాలతో వాయించే అమెరికా పల్లె సంగీతం. అప్పటికి పదేళ్ళుగా రాలీలోనే జరుగుతోంది. ఫాయెట్‌విల్ స్ట్రీట్‌లోకి కార్లు రానివ్వకుండా ఆపేసి వీధి పొడుగునా స్టేజీలు కట్టేవారు. టికెట్టు కూడా లేదు. పక్కనే కేరీలో ఇన్నేళ్ళుగా ఉంటూ నేనొక్కసారీ వెళ్ళలేదు. శనివారమంటే పాప ఫిడేలు క్లాసు, ఇండియన్ స్టోరు, గుడి, వారానికి సరిపడా దోసెల పిండి. మా టీములో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైర్మెంటుకి రెండేళ్ళుంది, బాంజో వాయిస్తాడు. "నువ్వు నార్త్ కరోలినాలో ఉంటున్నావని నీ డ్రైవింగ్ లైసెన్సుకి తప్ప ఎవరికీ తెలీదు" అన్నాడు. రోషం వచ్చి వెళ్ళాను.

చివరి స్టేజీ మీద ఐదుగురు పిల్లలు. అందరూ ఇరవైకి అటూ ఇటూ. వాళ్ళ పేర్లు రాయను, నా తెలివితక్కువతనంలోకి వాళ్ళని లాగడమెందుకు? బాంజో, ఫిడేలు, మాండలిన్, గిటారు, మనిషంత ఎత్తు బేస్. ఈ సంగీతంలో వయొలిన్ అనరు, ఫిడేలే అంటారు. మనం ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఫిడేలు నాయుడుగారు అన్నట్టు. ఆ మాట చెవిన పడగానే సగం మనవాళ్ళే అనిపించారు. డ్రమ్స్ లేవు. బేస్ ధుమ్మనగానే మాండలిన్ కుర్రాడు తీగల్ని నొక్కిపట్టి చక్‌మనిపిస్తాడు. ధుమ్, చక్, ధుమ్, చక్. తాళమంతా అదే.

ఐదుగురికీ ఒక్కటే మైకు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ముందుకొచ్చి వాయించి వెనక్కి తగ్గుతారు. ఫిడేలమ్మాయి కమాను ఎత్తి వస్తుంటే బాంజో మెడ పక్కకి వాలి దారిచ్చింది. ఎవరూ ఎవరి వంకా చూసుకోలేదు, మోచెయ్యి మోచేతికి తగల్లేదు. మా ఇంట్లో పెళ్ళి బంతిలో వడ్డించేవాళ్ళు కూడా ఇంత ఒడుపుగా తిరగరు.

ఆ తర్వాత మాండలిన్ వంతు. నాది పాలకొల్లు. మాండలిన్ అంటే నాకు ఒక్కరే, మా ఊళ్ళో పుట్టిన శ్రీనివాస్. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి ఆయనకి తొమ్మిదేళ్ళు. అందుకని చేతులు కట్టుకుని, పరీక్ష పెట్టేవాడిలా విన్నాను. వేగం ఉంది, గమకం ఏదీ? శ్రీనివాస్‌ది ఎలక్ట్రిక్ మాండలిన్, ఐదూ ఒంటి తీగలు, స్వరాన్ని ఎంత కావాలంటే అంత లాగేవారు. వీళ్ళవి జంట తీగలు, అలా లాగితే సాగవు. ఇదంతా మనసులో నోట్సు రాసుకుంటున్నానా, ఆ కుర్రాడు నాలుగో చుట్టులో ఏం చేశాడో గానీ నా చేతులు వాటంతటవే విడిపోయాయి. పక్కనున్న ముసలాయన "ఓహ్!" అన్నాడు. మనవాళ్ళు "భళా" అన్నట్టే, పొట్టలోంచి.

అయిపోయాక ఆ పిల్లలే బల్ల వేసుకుని సీడీలూ టీషర్టులూ అమ్ముకుంటున్నారు. నా వంతు వచ్చింది. మాండలిన్ కుర్రాడికి చెయ్యిచ్చి, చాలా బాగుందని చెప్పి, అంత ప్రేమగానూ అడిగాను: "ఏం చదువుతున్నావు?"

వాడు నవ్వి, "ఏం లేదు సార్, ఇదే" అన్నాడు. నేను అక్కడితో ఊరుకోవాల్సింది. "అది సరే, దీంతో పాటు?" అన్నాను.

వెనకనుంచి ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "హనీ, ఇందాక విన్నావు కదా, అదే వాడి చదువు." గొంతులో కోపం లేదు. ఎనిమిదేళ్ళ మనవడికి చెప్పినట్టు చెప్పింది. నన్ను కాస్త పక్కకి జరిపి, ఆ కుర్రాడి వేలికి చుట్టిన టేపు చూసి, "ఇది పొద్దున కూడా ఉందే, తడవనివ్వకు నాన్నా" అంది. అదే చేతిని నేనిప్పుడే పట్టుకున్నాను. టేపు నాకు కనబడలేదు.

కారులో ఇంటికొచ్చే దారంతా ఆవిడతోనే వాదించాను. చూడమ్మా, మా వైపు ఆ ప్రశ్న అవమానం కాదు, ఆప్యాయత. రైల్లో ఎదుటి సీటు పిల్లాడికి అరటిపండు ఇచ్చి అడిగేది అదే. అడగకపోతే ముభావంగా ఉన్నాడంటారు. పైగా మీకేం, మీ దేశం మీకుంది. చదువొక్కటే వీసా అయినవాడికి ఇంకో ప్రశ్న ఎలా తోస్తుంది?

ఇంటికొచ్చి వెతుకుతూ కూర్చున్నాను. కాలిఫోర్నియాలో నికెల్ క్రీక్ అనే బృందం 1989లో మొదలైనప్పుడు మాండలిన్ వాయించే క్రిస్ థీలీకి ఎనిమిదేళ్ళు. 2012లో, అసాధారణ ప్రతిభకి ఇచ్చే మకార్థర్ ఫెలోషిప్ అందుకున్నాడు. మా శ్రీనివాస్‌కి తొమ్మిది, ఇతనికి ఎనిమిది. ఒక్క ఏడాదితో ఓడిపోయినట్టు చిన్న బాధ కూడా కలిగింది, దాచుకోవడమెందుకు.

సోమవారం పెద్దాయనకి చెప్తే పడీపడీ నవ్వాడు. తర్వాత, "నీ ప్రశ్నేమీ తప్పు కాదు" అన్నాడు. బాంజోని మూడు వేళ్ళ మీద పరుగెత్తించి ఈ సంగీతానికి ఆ రూపం తెచ్చిన ఎర్ల్ స్క్రగ్స్ ఈ రాష్ట్రం వాడేనట, షెల్బీలో నూలు మిల్లులో పనిచేశాడట. 1945లో, బ్లూగ్రాస్‌కి ఆద్యుడనే బిల్ మన్రో బృందంలో చేరేనాటికి ఇరవయ్యొక్కేళ్ళు. ఇప్పటికీ చాలామంది పగలు ఇంకో పని చేసుకుని శని ఆదివారాలు వాయించేవాళ్ళేనట. చూశారా! అని నేను లేవబోతుంటే, "కానీ బల్ల దగ్గర అడగకూడదు, అక్కడ వాళ్ళు ఇంకా పాటలోనే ఉంటారు" అన్నాడు.

మరుసటి ఏడు పాపని తీసుకెళ్ళాను. రాత్రి పదకొండు దాటాక హోటల్ లాబీలో గుంపులు గుంపులుగా వాయిస్తున్నారు. ఒక గుంపులో బేస్ పట్టుకున్న తాతకి తల నెరిసింది, మాండలిన్ పట్టుకున్న పిల్లకి పన్నెండు కూడా ఉండవు. తాత తల ఊపితే ఆ పిల్ల వంతు. దాన్ని బ్రేక్ అంటారు. పిల్ల సగంలో తప్పింది. ఎవరూ ఆపలేదు, అయ్యో అనలేదు, ధుమ్ చక్ అలా నడుస్తూనే ఉంది. రెండు చుట్లు తిరిగాక ఎక్కడ దొరికిందో అక్కడ అందుకుంది. మా పాప నా చొక్కా పట్టుకుని, "తప్పితే మళ్ళీ మొదట్నుంచి వాయించనక్కర్లేదా నాన్నా?" అంది. వాళ్ళ టీచరు మొదట్నుంచీ వాయించమంటారు. నేనూ అంతే.

రాలీలో అదే ఆఖరి ఏడాది. 2025 నుంచి పండగ టెనెసీలో చట్టనూగాకి మారిపోయింది.

నాన్నకి ఆ కుర్రాడి వీడియో పంపాను. శ్రీనివాస్ కేసెట్లు పెట్టి "మన పాలకొల్లు కుర్రాడు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పినాయన. నేను ఆరో తరగతిలో మాండలిన్ నేర్చుకుంటానంటే ముందు లెక్కల్లో మార్కులు తెచ్చుకోమన్నదీ ఆయనే. పూర్తిగా చూసి ఫోన్ చేశారు.

"గమకం లేదురా."

"లేదు నాన్నా."

"అయినా బాగా వాయించాడు. ఎంత ఉంటుంది అది?"

"నేర్చుకునేవాళ్ళదైతే రెండు మూడొందల డాలర్లు."

రూపాయల్లో లెక్క వేసుకుంటున్నారనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అప్పట్లో అంత కూడా లేదులే" అన్నారు.