గిటారు లేని రాక్

“ఇందులో గిటారు వాయించేది ఎవరు?” అని తమ్ముడు అడిగాడు. ఎవరూ లేరురా, అది బేస్ (మంద్ర స్వరాలు పలికే తీగ వాయిద్యం) అన్నాను. నమ్మలేదు, ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు.

మేం వింటున్నది బెన్ ఫోల్డ్స్ ఫైవ్ అనే అమెరికా రాక్ బృందం 1997 ఆల్బమ్. పేరులో ఐదు, మనుషులు ముగ్గురే: పియానో, బేస్, డ్రమ్స్. రాబర్ట్ స్లెడ్జ్ బేస్‌ను ఫజ్ పెడల్‌తో (కాలితో నొక్కి శబ్దాన్ని మార్చే పరికరం) గరగరలాడిస్తాడు. గిటారు లోటు అక్కడే తీరిపోతుంది.

1993లో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో మొదలుపెట్టారు. రాక్ అంటే గిటార్ల హోరే అనుకునే రోజులవి. పియానో వాయించే బెన్ ఫోల్డ్స్ ఏమో కచేరీ ఊపులో కూర్చునే స్టూలెత్తి పియానో మెట్ల మీద విసిరేసేవాడు. (సంగీతం మాస్టారు చూస్తే ఊరుకుంటారా!)

1999 ఆల్బమ్‌కు రైన్‌హోల్డ్ మెస్నర్ పేరు పెట్టారు. అది దొంగ గుర్తింపు కార్డుల మీద వాడిన పేరని మాత్రమే వాళ్లకు తెలుసు. ఆ పేరుతో ప్రపంచ ప్రసిద్ధ పర్వతారోహకుడు ఉన్నాడని తర్వాత తెలిసింది!

2000లో విడిపోయారు. 2012లో కలిసి ఇంకో ఆల్బమ్ చేశారు. బాగానే ఉంది, కానీ పెద్దమనుషులైపోయారు. పేరు తెచ్చింది ‘బ్రిక్’ అనే నెమ్మది పాటే అయినా, నా ఓటు ఆ స్టూలు విసిరే పాటలకే.