రాణిగారి తోటలో తప్పిపోయిన చెట్లు

ఎడిన్‌బరోలో హోలీరూడ్ ప్యాలెస్ ఉంది కదా, బ్రిటన్ రాజకుటుంబం స్కాట్లాండ్ వెళ్తే దిగే చోటు. ఆ తోటలో వందడుగుల ఎత్తున రెండు ఎల్మ్ చెట్లు అందరి కళ్లముందే ఉన్నా, ఆ రకం బ్రిటన్‌లో ఎప్పుడో అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 2016లో అక్కడి రాయల్ బొటానిక్ గార్డెన్ శాస్త్రవేత్త మాక్స్ కోల్‌మన్ చూసి, ఇవి వెంట్‌వర్త్ ఎల్మ్‌లు అని తేల్చారు. కొమ్మలు కిందికి వాలి, పెద్ద పెద్ద నిగనిగలాడే ఆకులుండే అరుదైన హైబ్రిడ్ రకం ఇది.

1902లో జర్మనీ నుంచి మూడు మొక్కలు ఆ గార్డెన్‌కి వచ్చాయట. రికార్డుల్లో మిగిలింది ఒక్కటే, అదీ డచ్ ఎల్మ్ జబ్బుతో 1996లో పోయింది. ఆ జబ్బు మహా చెడ్డదండీ. బెరడు తొలిచే చిన్న పురుగులు ఫంగస్‌ని మోసుకొస్తాయి, దాన్ని ఆపబోయి చెట్టు తన నీటి గొట్టాలను తానే మూసేసుకుంటుంది, ఇక పైకొమ్మలకు నీళ్లందక నిండు వేసవిలోనే ఆకులు పసుపెక్కి ఎండిపోతాయి. జబ్బు పడ్డ చెట్లను ఎప్పటికప్పుడు కొట్టేస్తూ రావడం వల్లే ఎడిన్‌బరోలో ఇన్ని ఎల్మ్‌లు మిగిలాయి.

మిగతా రెండు మొక్కలే ప్యాలెస్‌కి చేరి ఉంటాయని అంచనా. అప్పుడే ఓ రేకు ముక్క మీద పేరు రాసి తగిలించి ఉంటే ఈ గొడవే లేదు!

ఇదంతా హైదరాబాద్‌లో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, ఎల్మ్ కుటుంబం చెట్టు మన దగ్గరా ఉంది, నెమలినార. ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిందే. ఎండలు ముదిరే వేళకి పలుచటి కాగితంలాంటి రెక్క చుట్టూ ఉన్న గుండ్రటి గింజలు గుత్తులుగా వేలాడి, గాలికి రాలి కార్ల వైపర్ల కింద ఇరుక్కుంటాయి. దీని పుప్పొడి కొందరికి పడదు, తుమ్ములే తుమ్ములు. చేవెళ్ల రోడ్డు పక్క మర్రిచెట్లను కొట్టేయకుండా ఆపడానికి జనం గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు వినే కోర్టు) దాకా వెళ్లారు, సంతోషమే, కానీ మర్రిని పసిపిల్లాడు కూడా గుర్తుపడతాడు. నెమలినారని కొట్టేస్తే ‘ఏదో పిచ్చిచెట్టు’ అని ఊరుకుంటారు.

అందుకే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో, గేటు పక్క చెట్టుకి పేరు బోర్డు పెడదామని మెసేజ్ పెట్టాను. ‘ముందు విజిటర్స్ పార్కింగ్ సంగతి తేల్చండి సార్’ అన్నారొకాయన. దానికి పద్నాలుగు లైకులు.