వాగన్ మీది పదకొండు అంకెలు: జేఈ పరీక్షకు నేను చదివిన తీరు

ఫ్రెండ్స్, రైల్వేలో కోచ్‌లు, వాగన్ల మరమ్మతు చూసే క్యారేజ్ అండ్ వాగన్ విభాగంలో జేఈ (జూనియర్ ఇంజినీర్) పోస్టుకు డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాసేవాళ్లలో చాలామంది నంబరింగ్, మార్కింగ్ టాపిక్‌ను ఆఖరి వారానికి వదిలేస్తారు. బ్రేకులు, బోగీలు, బేరింగ్‌లు పెద్ద చాప్టర్లు కాబట్టి టైమంతా వాటికే పోతుంది. నేను టెక్నీషియన్‌గా ఉంటూ చదివి జేఈ అయ్యాను. పెట్టిన టైముకు తగ్గ ఫలితం ఈ టాపిక్‌లోనే ఎక్కువ కనిపించింది. ఒకసారి అర్థమైతే మళ్లీ మరిచిపోయేది కాదు.

తిరుపతి వాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. శెట్టిపల్లెలో క్యారేజ్ రిపేర్ షాపు, రేణిగుంట మీదుగా వచ్చిపోయే గూడ్స్ రైళ్లు, స్టేషన్‌లో నిలబడితే కళ్లముందే కోచ్‌లు. డ్యూటీలో చూసే నంబర్లను జేబు పుస్తకంలో రాసుకుని, రాత్రి గదిలో కూర్చుని ఒక్కో అంకెను విడదీసేవాణ్ణి. టేబుల్‌ను బట్టీ పట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. డిపార్ట్‌మెంట్ బయటివాళ్లు అయితే ప్లాట్‌ఫామ్ మీద నుంచే చూడండి, దయచేసి పట్టాల దగ్గరికి వెళ్లకండి.

ముందు వాగన్. దాని నంబర్‌లో పదకొండు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వాగన్ రకం, తర్వాతి రెండు సొంతదారు రైల్వే, ఆ తర్వాత రెండు తయారైన సంవత్సరం, తర్వాత నాలుగు ఆ వాగన్ సొంత నంబర్, చివరిది చెక్ డిజిట్, అంటే నంబర్ తప్పు పడితే పట్టిచ్చే అంకె. రకంలో 10 నుంచి 29 వరకు ఓపెన్ వాగన్లు, 30 నుంచి 39 కవర్డ్, 40 నుంచి 54 ట్యాంక్, 55 నుంచి 69 ఫ్లాట్, 70 నుంచి 79 హాపర్, 80 నుంచి 84 వెల్ వాగన్లు, 85 నుంచి 89 బ్రేక్ వ్యాన్లు. సొంతదారు కోడ్‌లో దక్షిణ రైల్వే 06, దక్షిణ మధ్య రైల్వే 09. ఇక్కడే ఒక చిక్కు ఉంది. రైలు నంబర్‌లో దక్షిణ మధ్య రైల్వేకు 7 వస్తుంది. నారాయణాద్రి 12733లో మూడో అంకె అదే. దక్షిణ రైల్వే వాళ్ల సప్తగిరి 16057లో రెండో అంకె 6. రైలు నంబర్ ఆ సర్వీసుది, వాగన్ నంబర్ ఆ బండిది. రెండింటినీ వేర్వేరు పేజీల్లో రాసుకుంటే కలగాపులగం కాదు. ఇంకోటి, 09 అని కనబడినంత మాత్రాన ఆ వాగన్ ఆ జోన్‌లోనే తిరుగుతుందని కాదు. వాగన్లు దేశమంతా తిరుగుతాయి.

ఇక చెక్ డిజిట్. ఇది వస్తే టాపిక్‌లో సగం వచ్చినట్టే. ప్రాక్టీసు కోసం నేను కల్పించిన నంబర్: 31 09 14 0257. ఎడమ నుంచి లెక్కపెట్టి సరి స్థానాల్లోని అంకెలు కూడండి: 1, 9, 4, 2, 7 కలిపితే 23. దాన్ని 3తో గుణిస్తే 69. బేసి స్థానాల్లోవి 3, 0, 1, 0, 5 కలిపితే 9. మొత్తం 78. పైనున్న పదుల సంఖ్య 80 చేరడానికి 2 కావాలి, అదే చెక్ డిజిట్. మొత్తం సరిగ్గా పదుల సంఖ్యే వస్తే చెక్ డిజిట్ 0.

ఎందుకింత లెక్క అంటే, యార్డులో రాసుకున్న నంబర్ ఎఫ్‌ఓఐఎస్ అనే రైల్వే సరుకు రవాణా కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కుతుంది. సరుకు ఎక్కడుందో తెలిసేది దాంతోనే. పైనంబర్‌లో 9, 1 తారుమారై 31 01 94 0257 అని పడిందనుకోండి. అప్పుడు 8 రావాలి, రాసింది 2. తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. ఒక్క అంకె తప్పు పడితే ఈ లెక్క తప్పకుండా పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు పట్టుకుంటుంది. ఆ రెండింటి తేడా 5 అయినప్పుడు మాత్రం, అంటే 2, 7 లాంటివి తారుమారైతే, దొరకదు. ఎందుకో మీరే చేసి చూడండి, మనసులో నిలిచిపోతుంది.

ఈ నంబర్ బండికి రెండు వైపులా ఉండాలి. యార్డులో మనిషి ఏ పక్కన నిలబడతాడో తెలియదు కదా. కంటైనర్లు మోసే బీఎల్‌సీ లాంటి ఫ్లాట్ వాగన్‌కు పక్కగోడలు లేవు కాబట్టి నంబర్‌ను కింద సోల్‌బార్ (బండి పక్కన పొడవునా ఉండే దూలం) మీద వేస్తారు. పైనున్న కంటైనర్ మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలతో పెద్దగా కనబడేది కంటైనర్ నంబర్, దానికి లెక్క వేరు. నంబర్‌తో పాటు వాగన్ రకం కోడ్, ఖాళీ బరువు, మోసే బరువు, పీవోహెచ్ (నిర్ణీత కాలానికోసారి చేసే పూర్తి మరమ్మతు) చేసిన షాపు, తేదీ, మళ్లీ దానికి రావాల్సిన రిటర్న్ డేట్ కూడా స్టెన్సిల్ చేస్తారు. నియమాల కోసం ఐఆర్‌సీఏ (ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్) కాన్ఫరెన్స్ రూల్స్‌లో గూడ్స్‌కు మూడో భాగం, కోచింగ్‌కు నాలుగో భాగం తిరగేయండి.

కోచ్ తేలిక. ఐదంకెల నంబర్‌లో మొదటి రెండూ సంవత్సరం, మిగతా మూడూ రకం. 101 నుంచి 150 ఏసీ త్రీటైర్, 201 నుంచి 400 స్లీపర్, 401 నుంచి 600 జనరల్. 08223 అంటే 2008 నాటి స్లీపర్. కొత్త కోచ్‌లకు ఆరంకెలు ఉంటాయి. నంబర్ పక్కన కోడ్ ఉంటుంది: ఎల్‌డబ్ల్యూఎస్‌సీఎన్‌లో ఎల్ అంటే ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్ కోచ్), డబ్ల్యూ అంటే వెస్టిబ్యూల్ (కోచ్ నుంచి కోచ్‌కు నడిచే దారి), ఎస్‌సీఎన్ స్లీపర్.

యూరప్ పద్ధతి అడిగితే ఇంత చాలు: అక్కడ పన్నెండు అంకెలు, మూడు, నాలుగు స్థానాల్లో దేశం కోడ్, జర్మనీకి 80, ఫ్రాన్స్‌కు 87, చివర చెక్ డిజిట్.

డిస్క్రిప్టివ్ ప్రశ్న వస్తే పేరాలు నింపకండి. వాగన్ పక్క నుంచి కనిపించే బొమ్మ గీసి, ఏ మార్కింగ్ ఎక్కడో బాణాలతో చూపించి, కింద ఒక నంబర్‌ను విడదీసి రాయండి. దిద్దేవాళ్లు కూడా షాపుల్లో పనిచేసినవాళ్లే, బండిని చూసి రాసిన జవాబును వెంటనే గుర్తుపడతారు.

ఒక లెక్క ఇస్తున్నాను, కట్టి చూడండి: 42 06 09 0381. ట్యాంక్ వాగన్, దక్షిణ రైల్వే, 2009. చెక్ డిజిట్ 5 రావాలి. రాకపోతే స్థానాలను ఎడమ నుంచే లెక్కపెట్టారా అని ఒకసారి చూసుకోండి.