అనురాధపురంలో ఒక అర్ధచంద్రపు రాయి

శ్రీలంక అనగానే అందరూ బీచ్‌లు, కొండల్లో వెళ్ళే ఎల్లా ట్రైన్, సిగిరియా కొండకోట అంటారు, మేమూ అవే అనుకుని తొమ్మిది రోజులకి ప్లాన్ వేసుకుని వెళ్ళాం, అనురాధపురం అసలు లిస్టులోనే లేదు. కొలంబోలో దిగాక మా ఆవిడ మ్యాప్ చూసి "ఇంత దూరం వచ్చి బోధివృక్షం చూడకుండా పోతామా" అంది, సరే అని బీచ్ దగ్గర ఒక రోజు తగ్గించి అనురాధపురానికి కలిపాం. వచ్చి రెండు వారాలైంది, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు ఆ ఊరే కనపడుతోంది.

మాది మాచర్ల. ఎండ నాకు కొత్త కాదు కానీ అనురాధపురంలో చెప్పులు బయట వదిలేసి మధ్యాహ్నం ఇసుకలో నడవాలి, అరికాళ్ళు చుర్రుమంటుంటే నీడ కోసం చెట్టు నుంచి చెట్టుకి పరిగెత్తాం. అక్కడివాళ్ళు మాత్రం తెల్లబట్టలు కట్టుకుని, చేతిలో కలువపూలు పట్టుకుని మెల్లగా నడుస్తూ వెళ్తున్నారు, ముసలివాళ్ళూ పిల్లలూ అందరూ. శ్రీ మహాబోధి దగ్గరికెళ్తే ఎత్తైన అరుగు మీద పాత రావిచెట్టు, కొమ్మలు వాలిపోకుండా బంగారు రంగు ఊతకర్రలు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి కొమ్మ తెచ్చిందని అక్కడి చరిత్ర. ఆకు కోయకూడదు, రాలిందే తీసుకోవాలి, అందుకని పైకి చూస్తూ గంటల తరబడి కూర్చున్నవాళ్ళున్నారు.

అక్కడ కూర్చున్నప్పుడే నాకు నాగార్జునకొండ గుర్తొచ్చింది. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు విజయపురి సౌత్ నుంచి లాంచీలో తీసుకెళ్ళేవాళ్ళు, మ్యూజియంలో రాళ్ళు చూసి పులిహోర తిని వచ్చేసేవాళ్ళం, ఆ రాళ్ళ మీద ఏం రాసుందో అప్పుడెవరికి కావాలి. పెద్దయ్యాక చదివితే తెలిసింది, ఇక్ష్వాకుల రాజు వీరపురుషదత్తుడి కాలంలో, అంటే 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఆవిడ సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం అక్కడ చైత్యం కట్టించింది, సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి కూడా కట్టించింది, ఆ సంగతి శాసనంలోనే ఉంది. రాణి కాదు, మామూలు ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధం పాటించే ఆవిడ. ఈ చెట్టు మీద భక్తితో అక్కడ కృష్ణ ఒడ్డున ఒకావిడ డబ్బు ఖర్చుపెట్టిందంటే, ఇక్కడి భిక్షువులు సముద్రం దాటొచ్చి ఆవిడకి ఈ చెట్టు కథ చెప్పే ఉంటారు కదా. నాకు వెన్నులో జలదరించింది, నిజంగా.

తర్వాత అభయగిరి అనే పాత బౌద్ధ విహారం వైపు టుక్‌టుక్‌లో వెళ్తుంటే డ్రైవర్ ఒక చోట ఆపి చెట్ల మధ్య ఒక శిథిలం చూపించాడు. గోడల్లేవు, కప్పు లేదు, నాలుగు మెట్లు, ఆ మెట్ల కింద నేల మీద సగం చందమామ ఆకారంలో ఒక రాయి. సందకడ పహన అంటారు వాళ్ళు. చుట్టూ కంచె ఉంది, ముట్టుకోనివ్వరు, నేను కంచె పక్కన గొంతుక్కూర్చుని అరగంట చూశాను. అంచున మంటల చుట్టు, దాని లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి, ఏనుగు ఒక అడుగు ఎత్తి ఉంది, గుర్రం పరిగెత్తుతోంది, తర్వాత తీగ, ఆ లోపల ముక్కున పూమొగ్గ పట్టుకున్న హంసల వరస, నడిమధ్యలో తామరపువ్వు. పైకెక్కేవాళ్ళు ముందు దీని మీద కాలు పెట్టాలి. ఇంత పనితనం కాళ్ళ కింద పెట్టారంటే వాళ్ళ మనసెలాంటిదో! నాగార్జునకొండలో కూడా మెట్ల కింద ఇలాంటి అర్ధచంద్రపు రాళ్ళున్నాయి, చిన్నప్పుడు మేం వాటి మీద నుంచే గెంతి పైకెక్కేవాళ్ళం.

ఇంకోటి, మన పల్నాటి సున్నపురాయిలో చెక్కిన శిల్పాలు శ్రీలంకలో దొరికాయి. మా ఊరి చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలన్నీ ఆ రాయి మీదే బతుకుతున్నాయి, అదే రాయిని ఒకప్పుడు బుద్ధుడిగా చెక్కి ఓడలెక్కించారన్నమాట. అనురాధపురంలోనే ఉన్న జేతవన స్తూపం గురించి కూడా చెప్పాలి, మొదట్లో దాని ఎత్తు 122 మీటర్లు, సుమారు 9 కోట్ల 30 లక్షల ఇటుకలు పట్టాయంటారు, కింద నిలబడితే కొండే అనిపిస్తుంది.

సిగిరియా బాగుంది, జనం ఎక్కువ, పొద్దున ఏడింటికల్లా ఎక్కేయండి, అంతకంటే చెప్పడానికేం లేదు. క్యాండీ మాత్రం నన్ను మళ్ళీ కట్టిపడేసింది. బుద్ధుడి దంతం ఉంచిన దంతమందిరంలో సాయంత్రం పూజకి డప్పులు మోగుతుంటే నిలబడ్డాం. 1739లో క్యాండీని ఏలిన సింహళ రాజు వారసుడు లేక చనిపోతే మదురై నుంచి వచ్చిన ఆయన బామ్మర్ది గద్దెనెక్కాడు, అలా నాయకర్ల వంశం మొదలైంది, వాళ్ళ మూలాలు విజయనగరం నుంచి మదురై వెళ్ళిన మన తెలుగు నాయకుల్లోనే ఉన్నాయి. పుట్టుకతో హిందువులైన వీళ్ళే అక్కడ బౌద్ధాన్ని నిలబెట్టారు, 1753లో కీర్తిశ్రీ రాజసింహుడు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువుల్ని రప్పించి ఆగిపోయిన ఉపసంపదని, అంటే భిక్షువులకిచ్చే పూర్తి దీక్షని, మళ్ళీ మొదలుపెట్టించాడు. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు 1807లో తవ్వించిన చెరువు ఇప్పటికీ ఊరి మధ్యలో ఉంది, 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని పట్టుకుని వెల్లూరు కోటకి పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. ఆ చెరువు గట్టున నడుస్తుంటే ఆయన వెల్లూరులో కూర్చుని దీన్ని ఎన్నిసార్లు తలుచుకున్నాడో అని బాధేసింది.

మేం దిగిన ఇంట్లో పిల్లాడు "తాత్తా తాత్తా" అని అరుస్తుంటే మా ఆవిడ వాళ్ళ తాతగారి కోసం వెతికింది, సింహళంలో తాత్తా అంటే నాన్నంట. అక్క మాత్రం అక్కే, అమ్మ అమ్మే.

ఎల్లా ట్రైన్‌కి రిజర్వేషన్ చేయిస్తానన్న ఏజెంట్ డబ్బులు తీసుకుని ఆఖరికి దొరకలేదన్నాడు, హట్టన్ దాకా నిలబడే వెళ్ళాం. అయినా తలుపు దగ్గర గాలి, రెండు పక్కలా టీ తోటలు, ఆ వాలు మీద బుట్టలు తగిలించుకున్న ఆడవాళ్ళు, వీళ్ళ ముత్తాతలు తమిళనాడు నుంచి కూలికొచ్చినవాళ్ళు. పట్టిపోల స్టేషన్ 1,891 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ చలికి స్వెట్టర్ తీసి వేసుకోవాల్సొచ్చింది.

దారిలో మట్టిపిడతలో గేదెపెరుగు పెట్టి పైన కితుల్ పానకం, అంటే తాటిలాంటి ఒక చెట్టు నీరా కాచి చేసిన పాకం, పోసిచ్చారు. పెరుగు గట్టిగా, గరిటె నిలబడేలా ఉంది, పానకం చిక్కగా, కాస్త పొగవాసనతో ఉంది. ఒక సీసా కొనుక్కొచ్చా. మా నాన్న రంపచోడవరం వైపు ఏజెన్సీలో పన్నెండేళ్ళు టీచరుగా చేశారు, సీసా మూత తీసి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇది జీలుగ కదరా" అన్నారు.