122 కీల కీబోర్డు, అందులో పని చేయని ఎంటర్

నిన్న రాత్రి ఒంటిగంటకు ఆఫీసు మెయిన్‌ఫ్రేమ్‌లోకి లాగిన్ అయ్యాను. రెండు సాయంత్రాలు పోయాయి, పరువు కూడా కొంత పోయింది. అందుకే వేడి మీదే రాసేస్తున్నా.

డాలస్‌లో మా వీధి చివర గరాజ్ సేల్‌లో ఐబీఎం మోడల్ ఎఫ్ కీబోర్డు దొరికింది. 122 కీలు, వెనక స్టిక్కర్ మీద 1985, 3270 టెర్మినల్‌కు, అంటే మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌తో పని చేసే పాతకాలపు స్క్రీన్‌కు తగిలించే రకం. ఇరవై డాలర్లు. మోసుకొస్తుంటే రోలు మోస్తున్నట్టే ఉంది. "దీన్నెక్కడ పెడతారండీ?" అని మా ఆవిడ ఒక్క మాట అని ఊరుకుంది.

కలపడం కష్టమేమీ కాదు. ప్లగ్గుకు పాత పీసీ కీబోర్డులాగే ఐదు పిన్నులుంటాయి, కానీ ఆ సాకెట్‌లో దూరదు. పీసీ ప్లగ్గులో పిన్నులు 180 డిగ్రీల వంపులో ఉంటాయి, దీనిలో 240. చూసి కొనండి, నేను చూడకుండా కొన్నా. క్లాక్, డేటా, 5 వోల్టులు, గ్రౌండ్ వైర్లు ప్రో మైక్రో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకు సోల్డర్ చేసి, అందులో సోరర్స్ కన్వర్టర్ అనే ప్రోగ్రాం ఎక్కిస్తే యూఎస్‌బీ కీబోర్డు అయిపోయింది. నోట్‌ప్యాడ్‌లో టైప్ చేస్తే టకటకమని ఇల్లంతా వినిపించింది. స్ప్రింగ్ వంగే చప్పుడది, ఇప్పటి కీబోర్డుల్లో ఎక్కడుంది ఆ సుఖం!

ఇక ఏ కీ ఏం చేయాలో చెప్పాలి. పైన రెండు వరుసల్లో పీఎఫ్1 నుంచి పీఎఫ్24 దాకా ప్రోగ్రాం ఫంక్షన్ కీలు, ఎడమ పక్క అటెన్షన్, క్లియర్, ఎరేజ్ ఈఓఎఫ్ లాంటివి పది. ఎస్కేప్ వెతికితే లేనే లేదు. కుడి చేతి దగ్గర పెద్ద కీ మీద వంపు తిరిగిన బాణం గుర్తు, కింద కుడి మూల చిన్న కీ మీద ఎంటర్ అని అక్షరాలు. ఏది రాసి ఉంటే అదే పెట్టాను, ఎంటర్ అన్నదాన్ని పీసీ ఎంటర్‌కు. చేతి అలవాటు కొద్దీ బాణం కీని కూడా దానికే పెట్టాను.

ఆఫీసు మెయిన్‌ఫ్రేమ్‌కు కనెక్ట్ అయి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కితే కర్సర్ కొత్త పాస్‌వర్డ్ గడిలోకి పోయింది. మళ్లీ నొక్కితే తిరిగి యూజర్ ఐడీకే వచ్చింది. ఇలా గుళ్లో ప్రదక్షిణలు చేసినట్టు తిరుగుతూనే ఉంది తప్ప స్క్రీన్ మారదు. వీపీఎన్ అనుకున్నా, రీస్టార్ట్ చేశా, సోల్డర్ ఊడిందేమోనని మీటర్ పెట్టి చూశా, ఆఖరికి రెండో రోజు హెల్ప్‌డెస్క్‌కు టికెట్ వేశా.

హైదరాబాద్ నుంచి హెల్ప్‌డెస్క్ కుర్రాడు ఫోన్ చేశాడు. అంతా విని, కాసేపు ఆగి, "సార్, రైట్ కంట్రోల్ నొక్కారా?" అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అమెరికా రాకముందు రెండేళ్లు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ క్లాసులు చెప్పినవాణ్ణి నేను, ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు నేను చెప్పే మొదటి మాటే అది. 3270లో మీరు కొట్టేదంతా టెర్మినల్‌లోనే ఉంటుంది, ఎంటర్ లాంటి పంపే కీ నొక్కినప్పుడే మార్చిన గడులన్నీ ఒక్కసారిగా హోస్ట్‌కు, అంటే మెయిన్‌ఫ్రేమ్‌కు పోతాయి, అందుకని కింది లైనుకు పోవడానికి ఒక కీ, పంపడానికి ఇంకో కీ. పీసీలో ఎమ్యులేటర్, అంటే టెర్మినల్‌లా పని చేసే ప్రోగ్రాం వాడితే, చాలావాటిలో డిఫాల్ట్‌గా పీసీ ఎంటర్ అంటే న్యూ లైన్, కుడి కంట్రోల్ అంటే అసలు ఎంటర్, ఎడమ కంట్రోల్ అంటే రీసెట్. ఇన్నేళ్లుగా లాప్‌టాప్ మీద ఆలోచించకుండా కుడి కంట్రోలే నొక్కుతున్నాను. అసలైన టెర్మినల్ కీబోర్డు చేతికొచ్చేసరికి, ఉన్న రెండు కీలనూ న్యూ లైన్ చేసి కూర్చున్నా. కుడి కంట్రోల్‌ను పంపే కీ ఈ కీబోర్డు మొత్తంలో ఒక్కటీ మిగల్లేదు.

ఎంటర్ అని రాసిన కీకి కుడి కంట్రోల్ పెట్టాను, రెండు నిమిషాల పని. మీరు చేస్తే కీ మీద రాసింది చూసి కాదు, ఎమ్యులేటర్ కీబోర్డు సెట్టింగ్ పక్కన పెట్టుకుని చేయండి. హెల్ప్‌డెస్క్‌కు మాత్రం వెళ్లొద్దు. టికెట్ క్లోజ్ చేస్తూ కారణం దగ్గర 'యూజర్ ఎర్రర్' అని రాశారు, మా మేనేజర్‌కు కాపీ పెట్టి మరీ.

పీఎఫ్13కి షిఫ్ట్ ఎఫ్1 నొక్కే బాధ అయితే తప్పింది. ఎడమ పక్క పదింటిలో క్లియర్, అటెన్షన్ పెట్టాను, ఒకటి ఎస్కేప్‌కు ఇచ్చాను. మిగతా ఏడు వారాంతంలో చూడాలి, అదీ పగటి పూట, పాప నిద్రపోయాక ఈ చప్పుడు కుదరదని ఇంట్లో చెప్పేశారు.