బంగారం కొట్టుకి అలారం ప్యానెల్: వైరింగ్ దగ్గర నా అనుభవం

తెనాలిలో మాది చిన్న బంగారం కొట్టు. ముందు కౌంటరు, దాని వెనక పని గది, ఆ వెనక వరండా. పోయిన వారమే అలారం పని పూర్తయింది. నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేలోపే రాస్తే, నాలాంటి చిన్న కొట్టువాళ్లు కొందరైనా మోసపోకుండా ఉంటారు.

జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ (నగల కొట్లకి ఇచ్చే బీమా) రెన్యువల్ సమయంలో ఇన్సూరెన్స్ వాళ్లు అలారం ఉందా అని అడిగారు. అంతకుముందు నుంచే పెట్టించాలని మనసులో ఉంది. కొట్టులో ఉండేది నా సరుకొక్కటే అయితే వేరు. గాజులు మార్చమని, గొలుసు అతికించమని జనం ఇచ్చిపోయిన సొమ్ము కూడా రాత్రంతా మా ఇనప్పెట్టెలోనే ఉంటుంది. ఆ నమ్మకం మా నాన్నగారి కాలం నుంచి వస్తున్నది.

ప్యానెల్ కొనడం తేలిక. ఎనిమిది జోన్లది, అంటే ఎనిమిది సెన్సర్ లైన్లు విడివిడిగా కలపగలిగేది తీసుకున్నాం. షట్టర్‌కి ఒకటి, వెనక తలుపుకి ఒకటి, రెండు గదుల్లో మోషన్ సెన్సర్లు, ఇనప్పెట్టెకి వైబ్రేషన్ సెన్సర్, కౌంటర్ కింద పానిక్ బటన్. గోడకి బిగించడం, కేసింగ్ కొట్టడం ఒక్క పూటలో అయిపోయాయి. కీప్యాడ్ మీద పచ్చ లైటు వెలిగింది, సైరన్ మోగించి చూపించారు, డబ్బులో చాలా భాగం పట్టుకుపోయారు.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

మా బాబాయి టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కొట్టుకి వచ్చి, ప్యానెల్ మూత తీయమన్నాడు. తీశాను. లోపల ప్రతి జోన్ టెర్మినల్ దగ్గరా ఒక్కో రెసిస్టర్ (కరెంటుని కొంత అడ్డుకునే చిన్న భాగం) వరసగా బిగించి ఉంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు గీతలు, అంటే 5.6 కిలో ఓమ్స్. చూడ్డానికి ఎంతో నీట్‌గా ఉంది. బాబాయి ముఖం మాత్రం మాడిపోయింది. "ఏరా అబ్బాయ్, ఇవి ఉండాల్సింది ఇక్కడ కాదు, అవతల సెన్సర్ దగ్గర. వీటి పేరే ఎండ్ ఆఫ్ లైన్. లైను మొదట్లో పెట్టి పోయారేంట్రా?" అన్నాడు.

విషయం ఇది. ప్యానెల్ ప్రతి జోన్ తీగలోకీ కొంచెం కరెంటు పంపి, అవతలి చివర 5.6 కిలో ఓమ్స్ కనిపిస్తోందా అని నిరంతరం చూసుకుంటూ ఉంటుంది. తలుపు తెరిస్తే సర్క్యూట్ తెగుతుంది, అలారం మోగుతుంది. తీగ కోసినా అంతే. ఎవడైనా తెలివిగా రెండు తీగలనూ ఒకదానికొకటి కలిపేస్తే రెసిస్టెన్స్ దాదాపు సున్నాకి పడిపోతుంది, అప్పుడూ ప్యానెల్ పసిగడుతుంది. ఇదంతా రెసిస్టర్ సెన్సర్ దగ్గర ఉన్నప్పటి మాట. దాన్ని ప్యానెల్‌లోనే పెడితే, బయట తీగలు కలిపేసినా ప్యానెల్‌కి తన పక్కనున్న 5.6 కనిపిస్తూనే ఉంటుంది. అంతా క్షేమమే అనుకుని పచ్చ లైటు వేసుకుని కూర్చుంటుంది. మా వెనక తలుపు వైరు వరండా గోడ మీదుగా పోతుంది. పగటిపూట రంగులు వేసేవాళ్లు, ప్లంబర్లు, పక్క కొట్టు కుర్రాళ్లు, ఎవరైనా అక్కడ తిరుగుతారు.

కంపెనీకి ఫోన్ చేశాను. రేపన్నారు, ఎల్లుండన్నారు. చివరికి మేనేజరూ, టెక్నీషియనూ కలిసి మంచి గిరాకీ వేళ దిగారు. కౌంటర్ ముందు పెళ్లి నగల కోసం వచ్చిన ఒక కుటుంబం ఉంది. వాళ్లందరి ఎదుటే ఆ మేనేజరు, "సార్, మీరు బంగారం సంగతి చూసుకోండి, వైరింగ్ సంగతి మేం చూసుకుంటాం. యూట్యూబ్ చూసి ప్రతివాళ్లూ ఇంజనీర్లయిపోతే మేమెందుకు?" అన్నాడు. టెక్నీషియన్ కిసుక్కున నవ్వాడు. ఆ కుటుంబంలో కుర్రాడు కూడా నవ్వాడు. నా ఒళ్లు మండిపోయింది. నా కొట్టులో, నా గద్దె మీద కూర్చుని, నా డబ్బు తిన్నవాడి చేత పడాల్సిన మాటలా ఇవి?

నేను మాటకి మాట అనలేదు. పని గదిలోకి వెళ్లి పట్టీలకి వాడే వెండి తీగ బెత్తెడు ముక్క కత్తిరించుకొచ్చాను. వరండాలో జాయింట్ దగ్గర టేపు విప్పి, వెనక తలుపు జోన్ తీగలు రెండింటికీ ఆ ముక్క చుట్టేశాను. ప్యానెల్‌ని స్టే మోడ్‌లో ఆర్మ్ చేయమని, అంటే కాపలాకి పెట్టమని, టెక్నీషియన్‌కే చెప్పాను. ఆ మోడ్‌లో లోపలి మోషన్ సెన్సర్లు పక్కకి పోతాయి, తలుపులు మాత్రం కాపలాలో ఉంటాయి. వెనక తలుపుకి డిలే పెట్టలేదు, తెరవగానే మోగాలి.

తలుపు బార్లా తెరిచాను. సైరన్ ఊ అనలేదు. వేశాను, మళ్లీ తెరిచాను. కీప్యాడ్ మీద ఏ జోనూ వెలగలేదు. ఆ పెళ్లివారి పెద్దాయన కుర్చీలోంచి లేచొచ్చి చూసి, "అయితే మా సొమ్ముకి ఇదేనా కాపలా?" అన్నాడు. మేనేజరు నోరు పెగల్లేదు. కాసేపాగి, "అన్ని చోట్లా ఇలాగే చేస్తాం సార్, మార్చాలంటే వారంటీలో రాదు, విడిగా చార్జ్ అవుతుంది" అన్నాడు. అన్ని చోట్లా ఇలాగే చేస్తారట! ఆ మాట విని నాకు నిద్ర పట్టలేదు. ఈ ఊళ్లో ఇంకెన్ని కొట్లు ఆ పచ్చ లైటుని నమ్ముకుని తాళం వేసుకుంటున్నాయో.

బాకీ ఉన్న డబ్బు ఇవ్వనని చెప్పి పంపేశాను. పని నేనే, బాబాయి చూస్తుండగా చేసుకున్నాను. టంకం వేయడం మా వృత్తి. బంగారానికి వెలిగారం పెడతాం, ఇక్కడ రోజిన్ ఉన్న సీసం తీగ వాడతాం, అంతే తేడా. ప్రతి రెసిస్టర్‌నీ సెన్సర్ లోపలికి మార్చి, జాయింటు మీద స్లీవ్ వేసి వేడి చేశాను. నేను వేసిన జాయింటు ఒక్కటి ఊడినా మా ఇంటి పేరు మార్చుకుంటాను. మోషన్ సెన్సర్లలో టాంపర్ టెర్మినల్స్ ఖాళీగా వదిలేశారు, వాటినీ సిరీస్‌లో కలిపాను. మూత తీసినా ఇప్పుడు జోన్ తెగుతుంది. పానిక్ బటన్ మామూలుగా తెరిచి ఉండి, నొక్కితే సర్క్యూట్ కలిసే రకం కాబట్టి దానికి రెసిస్టర్‌ని బటన్ దగ్గరే సమాంతరంగా వేయాలి. వాడుకలో లేని ఖాళీ జోన్లకి మాత్రం ప్యానెల్‌లోనే ఉండొచ్చు.

మీ దగ్గర ఎలా చేశారో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. ప్యానెల్ పవర్ తీసేసి, ఒక తలుపు జోన్ తీగలు రెండూ టెర్మినల్ నుంచి విప్పి, తలుపు మూసి ఉంచి, మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ కొలవండి. 5.6 కిలో ఓమ్స్ గాని, మీ కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన విలువ గాని చూపిస్తే సరే. కొద్ది ఓమ్స్ మాత్రమే చూపిస్తే రెసిస్టర్ అవతల లేదన్నమాట. సంతకం పెట్టేముందు ఫిట్టర్‌ని ప్రతి తలుపు జోనూ ఇలా చూపించమనండి. ముఖం చిట్లించేవాడికి డబ్బు ఇవ్వకండి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. సెన్సర్ వైర్లని 230 వోల్టుల లైనుతో ఒకే పైపులో లాగనివ్వకండి. ఇనుప షట్టర్‌కి చిన్న మాగ్నెట్ సెన్సర్ పనికిరాదు, నేలకి బిగించే బరువైనది తీసుకోండి, లేకపోతే గాలికి షట్టర్ ఊగినా అర్ధరాత్రి మోత. మోషన్ సెన్సర్ ఏడడుగుల ఎత్తున పెట్టి, ఎండ పడే అద్దానికీ ఏసీకీ ఎదురు లేకుండా చూడండి. వెనక వైరు కోసం చేసిన కన్నం సిలికాన్‌తో మూసేయండి, చీమలూ సాలీళ్లూ లోపల చేరితే ఊరికే మోగుతుంది. ప్యానెల్ సెట్టింగులు మార్చే ఇన్‌స్టాలర్ కోడ్ కంపెనీ నుంచి వచ్చినదే వదిలేస్తారు. అది మాన్యువల్ చదివిన ప్రతివాడికీ తెలుసు, మీ ఎదుటే మార్పించండి.

అలారం మోగితే మన ఫోన్‌కి కాల్ చేసే డయలర్ 2జిది అయితే జియో సిమ్ పనిచేయదు, వాళ్లకి 2జి లేదు. వేరే సిమ్ వేసి, రీచార్జ్ గడువు క్యాలెండర్ మీద రాసుకోండి. కరెంటు పోయినప్పుడు ఆదుకునేది 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ. మా ప్యానెల్, కీప్యాడ్, సెన్సర్లు అన్నీ కలిపి పావు ఆంపియర్ దాకా లాగుతాయి. లెక్కకి ఇరవై ఎనిమిది గంటలు రావాలి గాని, సైరన్ మోగితే, బ్యాటరీ పాతబడితే అంత రాదు. అప్పుడప్పుడు రాత్రి మెయిన్ ఆపేసి చూడండి.

ఇన్సూరెన్స్ తరఫున వచ్చినాయన చూసి రిపోర్టు రాసుకున్నాడు. వెండి తీగ పరీక్ష ఆయన ముందూ చేశాను. చుట్టీ చుట్టకముందే వీధి చివరిదాకా మోగింది. కంపెనీ వాళ్లు ఇప్పుడు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు తీసుకోమని ఫోన్లు చేస్తున్నారు. నేను ఎత్తడం లేదు.

చీరాలలో మా బావమరిది కొట్టుకి కూడా ఇదే ప్యానెల్ కొన్నాం. అక్కడ జోన్‌కి రెండేసి రెసిస్టర్లు వేస్తాం. ఒకటి సిరీస్‌లో, ఒకటి కాంటాక్ట్‌కి (తలుపు స్విచ్చికి) అడ్డంగా. తలుపు మూసి ఉంటే 5.6 కిలో ఓమ్స్, తెరిస్తే 11.2, కలిపేస్తే సున్నా, కోసేస్తే పూర్తిగా ఓపెన్. తలుపు తెరిచారా, తీగ జోలికి వెళ్లారా అన్నది ప్యానెల్ విడివిడిగా చెప్తుంది. వైరు చుట్ట తెచ్చి పెట్టాం, శ్రావణమాసం గిరాకీ మొదలయ్యేలోపు పూర్తి చేస్తాం.